కుర్రాళ్ల అటక మీద మాథిస్

ఎర్లెన్‌డాల్ చర్చిలో కుర్రాళ్లకని ఒక అటక ఉంది. పడమటి గోడకు ఆనించి ఓక్ దూలాల మీద కట్టింది. పెళ్లికాని మగవాడు అక్కడే కూర్చోవాలి. పెళ్లయ్యాక దిగొచ్చి, కింద మగవాళ్ల బల్లల్లో ఆఖరిదాన్నుంచి మొదలుపెట్టి, ఏళ్లు గడిచేకొద్దీ ఒక్కో బల్లా ముందుకు జరగాలి. పీపాలు కట్టే మాథిస్ త్సాకెల్ మీసాలు రాని వయసులో ఆ అటక ఎక్కాడు. డెబ్బై దాటినా దిగలేదు. పెళ్లి కాలేదు మరి.

అతని ఈడువాళ్లంతా ఒక్కొక్కరే పెళ్లిళ్లు చేసుకుని దిగిపోయారు. వాళ్ల కొడుకులు ఎక్కారు, వాళ్లూ దిగిపోయారు. ఆ తర్వాత, ఎన్నో తరాల కిందట జర్మనీ నుంచి వచ్చి ఊళ్లో స్థిరపడ్డ సాక్సన్లు మూటాముల్లె కట్టుకుని మళ్లీ జర్మనీ వెళ్లిపోయారు. మిగిలింది ముగ్గురు విధవరాళ్లు, ఒక కుర్రాడు. ఆ కుర్రాడు మాథిస్.

చర్చికి ఇలాంటి వింతలు కొత్త కావు. కట్టిననాడు అది మరియమ్మ గుడి. ఊరివాళ్లు లూథరన్లయ్యాక, బొమ్మలు కూడదని గోడల మీది పునీతులందరికీ సున్నం కొట్టేశారు. సున్నం పలచబడి పునీత క్రిస్టఫర్ కాలొక్కటి మోకాలిదాకా బయటపడి, ఎవరో గోడలోంచి నడిచొస్తూ మనసు మార్చుకున్నట్టు ఉంటుంది. తుర్కులొస్తారని భయపడి చుట్టూ కోటగోడ కట్టారు. గోడ పూర్తయ్యాక ఆ తుర్కుల దగ్గరే ఎర్రటి తివాచీలు కొని తెచ్చి లోపల వేలాడదీశారు. వాళ్లు మోకరించి నమాజు చేసుకోవలసిన తివాచీల కింద వీళ్లు తరతరాలుగా కీర్తనలు పాడుతున్నారు. ఇదేమిటని అడిగినవాడు లేడు. మూల బురుజులో ఊరందరి పందికొవ్వు పలకలూ వేలాడేవి. దేవుడూ, కొవ్వూ ఒకే తాళంచెవి కింద ఉండేవారు.

ఆడవాళ్ల బల్లలు నడిమధ్యన. వాటికి వీపు చెక్కలుండవు, ఆనుకుంటే తలముసుగు కుట్టుపని నలుగుతుందని. అక్కడ వరుస పెళ్లినాటిని బట్టి. అందరికన్నా ముందు పెళ్లయిన రెగినా ఫ్లైషర్ మొదటి బల్లలో కూర్చుంటుంది. అగ్నెతా పెళ్లి ఆమెకన్నా ఒక్క కోతకాలం ఆలస్యం. ఆ ఒక్క పంటకే జీవితమంతా రెండో బల్లలో కూర్చుని రెగినా మెడ వెనక చూస్తూ గడిపింది. సోఫీ ఇంకా వెనక. చుట్టూ బల్లలన్నీ ఖాళీ. అయినా ఒకరితో ఒకరు మాట్లాడాలంటే కేకలెయ్యాల్సిందే. నెలకోసారి పట్నం నుంచి వచ్చే కుర్ర పాస్టరు వాళ్ల మీద జాలిపడి కరెంటు హీటరొకటి తెచ్చి పెట్టాడు. ప్లగ్గున్నది బలిపీఠం పక్కన, తీగ పొట్టి. దాని వేడి మొదటి బల్ల దాటి పోదు.

ఆ శీతాకాలం పురాతన కట్టడాలు చూసే ఇంజనీరొకడు వచ్చి, అటక దూలాన్ని స్క్రూడ్రైవరుతో పొడిచాడు. స్క్రూడ్రైవరు పిడిదాకా దిగిపోయింది. సాయంత్రానికి అటక మెట్లకు అడ్డంగా చెక్క కొట్టేసి వెళ్లిపోయాడు.

ఆదివారం మాథిస్ గంట కొట్టి, మెట్ల దాకా వెళ్లి, చెక్కను చూసి, టోపీ చేత్తో పట్టుకుని తలుపు దగ్గరే నిలబడిపోయాడు.

పాస్టరు ప్రసంగం మొదలుపెట్టబోయి ఆగాడు. "మాథిస్ గారూ, చలిలో అక్కడెందుకు? ఎక్కడో ఒకచోట కూర్చోండి. అన్నీ ఖాళీయేగా!"

నలుగురూ అతన్ని చూసిన చూపు, బాప్తిస్మపు తొట్టెలో కాళ్లు కడుక్కున్నవాణ్ణి చూసినట్టుంది.

"మీరు పట్నం మనిషి లెండి, పాస్టరు గారూ," అంది రెగినా వెనక్కి తిరక్కుండా. "పెళ్లికానివాడు పెళ్లయినవాళ్ల బల్లలో ఎలా కూర్చుంటాడు?"

"కానీ అక్కడ పెళ్లయినవాళ్లు ఎవరూ లేరుగా!"

"లేకపోతే? వాళ్ల చోటు లేదా?"

మాథిస్ కూడా తలూపాడు. కట్టుబాటు మీద అతనికి ఎవరికన్నా తక్కువ గురి లేదు. అందుకే అన్నేళ్లు మోకాళ్లు పట్టేసినా అటక ఎక్కాడు. తలుపు సందుల్లోంచి వచ్చే గాలి వీపుని కోసేస్తుంటే నిలబడ్డాడు. మర్నాటికి దగ్గు పట్టుకుంది. తర్వాతి నెలా నిలబడ్డాడు. దగ్గు గుండెల్లోకి దిగింది. ఆ ప్రార్థనయ్యాక విధవరాళ్లతో చెప్పేశాడు: "గంట కొట్టి ఇంటికి పోతా. ఇక లోపలికి రాను. చోటు లేనివాణ్ణి, నాకు ఆరాధనెందుకు?"

ఆ ఊళ్లో చర్చిలో చోటు లేదంటే మనిషి లేనట్టే. పైగా కీర్తనల్లో ఆ ఒక్క మగగొంతూ పోతే ముగ్గురాడవాళ్ల పాట ఈదురుగాలిలా ఉంటుందని సోఫీ భయం. ఆ సాయంత్రమే అందర్నీ తన వంటింట్లో కూర్చోబెట్టి, రొట్టె మీద కొవ్వు రాసి, ఉల్లిపాయ తరిగి, మాథిస్‌కి ప్లమ్ సారా పోసింది.

"అటక మీది బల్లని కిందికి దించితే? అది కుర్రాళ్ల బల్లేగా," అంది సోఫీ.

"అటకంటే బల్ల కాదు, ఎత్తు," అంది రెగినా.

"అయితే ఓ ధాన్యప్పెట్టె మీద పెట్టి నిచ్చెన వేద్దాం."

"వేస్తే పాస్టరు నెత్తికన్నా వీడి బూట్లు ఎత్తులో ఉంటాయి. సిగ్గులేకపోతే సరి!"

అగ్నెతా అంతసేపూ ఉల్లిపాయ నములుతూ కూర్చుంది. నిదానంగా మూతి తుడుచుకుంది. "ఇంత గొడవెందుకే? కుర్రాడికి పెళ్లి చేస్తే దిగొస్తాడు."

మాథిస్‌కి సారా పొరమారింది.

"ఎవరితో?" అంది సోఫీ.

"పైనే కూర్చోబెట్టేసినవాళ్లు ఎవరో వాళ్లే దించాలి," అంది అగ్నెతా, రెగినా వైపు చూడకుండా.

ఊళ్లో అందరికీ తెలిసిన సంగతే. ఇరవై ఏళ్లప్పుడు మాథిస్ బురుజులో, కొవ్వు కోసుకోడానికి రెగినా కత్తి పట్టుకుని నిలబడ్డప్పుడు, నన్ను చేసుకుంటావా అని అడిగాడు. ఆమె చేసుకోనంది. ఆ ఏడే మిల్లువాడి కొడుకుని చేసుకుంది.

"నేనేం ఊరికే కాదనలేదు," అంది రెగినా, ఎవరో అడిగినట్టు. "అడిగింది నన్ను. చూసింది మా కొవ్వు పలకని. అడిగినంతసేపూ దానిమీంచి కన్ను తియ్యలేదు."

"సిగ్గేసి అటు చూశాను!" అన్నాడు మాథిస్. చెప్పడానికి యాభై ఏళ్లు ఆలస్యమైంది. వెంటనే దగ్గొచ్చింది. ఆ దగ్గు ఎంతకీ ఆగలేదు.

రెగినా లేచి అతని వీపు మీద రెండు గట్టి దెబ్బలు వేసింది. "సరే," అంది. "పైనే కూర్చోబెట్టింది నేనేగా. దించుతాను. కానీ ఎవరింట్లో వాళ్లే ఉంటాం. నీ బూట్లు నా గడప దాటకూడదు."

"దాటవు," అన్నాడు మాథిస్. ఈసారి ఆమెనే చూస్తూ అన్నాడు. ఆ చూపుకి రెగినా తలముసుగు సర్దుకుంది.

మంచు కరగకముందే పెళ్లయింది. పాస్టరు ఉంగరాలు మార్పించి, దీవించి, ఇక కూర్చోండన్నాడు. మాథిస్ మగవాళ్ల బల్లల్లో ఆఖరిదాంట్లోకి జరిగి కూర్చున్నాడు. ఊడిపోతుందేమోనని బల్లని రెండు చేతులా పట్టుకున్నాడు. రెగినా ఎప్పటిలాగే ముందుకు నడిచి, మొదటి బల్ల మీద తన దిండు వేసుకోబోయింది.

"ఎక్కడికే?" అంది అగ్నెతా.

"నా చోటుకి."

"నీ పెళ్లెప్పుడయిందీ?"

రెగినా దిండుని వెనక్కి లాక్కుంది. హీటరు వంక చూసింది. పాస్టరు వంక చూసింది. అతనికేమీ అర్థం కాలేదు. గోడలోని క్రిస్టఫర్ కాలు కూడా ఆమెకు ఏ సాయమూ చెయ్యలేదు. ఊళ్లో అందరికన్నా ఆలస్యంగా పెళ్లయిన ఇల్లాలు ఇప్పుడు తనే. కట్టుబాటు ప్రకారం ఆమె బల్ల ఆడవాళ్లలో ఆఖరిది. ఆ కట్టుబాటుని అన్నేళ్లు కాపలా కాసిందీ తనే. దిండు చంకలో పెట్టుకుని, తలెత్తుకుని, ఖాళీ బల్లలన్నీ దాటుకుంటూ తలుపు దాకా నడిచి, ఆఖరి బల్ల మీద చతికిలబడింది.

అగ్నెతా మొదటి బల్లలోకి జరిగి, హీటరు ముందు పాదాలు చాపి, హాయిగా నిట్టూర్చింది. "వెనక చలిగా ఉందా, కొత్త పెళ్లికూతురా?" అని కేకేసింది.

"నీకెందుకే! నువ్వు కాళ్లు కాల్చుకో!"

పాస్టరు ప్రసంగం మొదలుపెట్టాడు. మాథిస్‌కి బలిపీఠం కనపడలేదు. అటక మీంచి అన్నేళ్లూ కనపడిన చివరి రాత్రి భోజనం బొమ్మకూ, అందులో బల్ల కింద ఎముక కొరుకుతున్న కుక్కకూ ఇప్పుడు లావుపాటి స్తంభం అడ్డం. కనపడేదల్లా నడవకి అవతల, వీపు చెక్క లేని బల్ల మీద నిటారుగా కూర్చుని పళ్లు పటపటలాడిస్తున్న రెగినా.

"ఇటేం చూస్తావ్?" అంది ఆమె గుసగుసగా.

"స్తంభం అడ్డం. ఇంకేం కనపడదు."

"మీ అటకే నయం. కనీసం గాలి తగలదు."

తలుపు దగ్గర వణకడమంటే ఏమిటో మాథిస్‌కి తెలుసు. లేచి గోడ దగ్గరికెళ్లి, తుర్కుల తివాచీ ఒకదాని పై అంచు మేకుల నుంచి జాగ్రత్తగా ఊడదీశాడు. వందల ఏళ్ల దుమ్ము ఒక్కసారి లేచింది. పాస్టరు మాట మధ్యలోనే తుమ్మాడు.

"మాథిస్! అదేం పనిరా?" అని అరిచింది సోఫీ.

"కట్టుబాటు కూర్చోవడం గురించేగా," అన్నాడు మాథిస్, తివాచీని రెగినా మోకాళ్ల మీద కప్పుతూ. "కప్పుకోవడం గురించి ఎక్కడుందో చెప్పండి చూద్దాం."

కప్పి, తన బల్లలోకి వెళ్లి కూర్చున్నాడు. అందరూ రెగినా వైపు చూశారు. ఉందో లేదో చెప్పగలిగింది ఆమె ఒక్కతే. రెగినా తివాచీని వేళ్లతో తడిమింది. తివాచీ ఎలుకల వాసన వేస్తోంది, బరువుగా ఉంది, వెచ్చగా ఉంది.

"లేదు," అంది చివరికి. ఒక అంచు పైకెత్తి, నడవకి అవతలున్న మాథిస్ మోకాళ్ల దాకా చాలుతుందేమోనని చూసింది. చాలింది. "పాస్టరు గారూ, మీరు కానివ్వండి."