కడిగిన కాళ్ళనే మళ్ళీ కడిగిన రోజు

ఆత్మకూరులో స్కూలు యూనిఫాంలు కుట్టించే చిన్న యూనిట్ నాది. కుట్టే ఆడవాళ్ళు పెరిగేకొద్దీ నాకు భయం పెరిగింది. బట్ట కత్తిరించడం తెలుసు, మిషను మొరాయిస్తే బాగుచేసుకోవడం తెలుసు. నలుగురితో పని చేయించడం మాత్రం ఎవరూ నేర్పలేదు. అందుకే తెలిసినామె ఒకరు "క్రైస్తవ వ్యాపారస్తుల సహవాసం ఒకటి ఉండాది, నాయకత్వం నేర్పిస్తారు, రా" అంటే సంతోషంగానే వెళ్ళాను.

నెలకోసారి శనివారం పొద్దున, బస్టాండు దగ్గర ఒక లాడ్జి పైహాల్లో కూడేవాళ్ళం. నడిపించేది టైల్స్ షోరూం ఆయన. అందరూ ఆయన్ను బ్రదర్ అనేవాళ్ళు. మొదట్లో ఆయన చెప్పినవి నాకు పనికొచ్చాయి. తప్పు చేసిన మనిషిని అందరిముందూ అనకుండా పక్కకు పిలిచి చెప్పమన్నాడు. పని మొదలుపెట్టే ముందు కాసేపు ప్రార్థన చేసుకుని, ఈరోజు ఎవరితో ఎలా మాట్లాడాలో ఆలోచించుకోమన్నాడు. అలాగే చేశాను. యూనిట్లో గొడవలు తగ్గాయి.

రానురాను ఆ మీటింగులకు జిడ్డు పట్టింది. "పోయిన నెలకంటే ఈ నెల ఎంత ఎదిగినారు?" అని ఒక్కొక్కరినీ లేపి అడిగేవాడు. ఒకాయన ఓపికలో ఎదిగానంటే చప్పట్లు కొట్టేవాళ్ళు. ఇంకొకాయన కారు మార్చానంటే అంతకంటే గట్టిగా కొట్టేవాళ్ళు. వినయం గురించి బ్రదర్ మైకు పట్టుకుంటే టిఫినుకు తెప్పించిన ఇడ్లీలు చల్లారిపోయేవి. అయినా మానలేదు. మంచి మాట ఎక్కడో ఒకచోట దొరుకుతుందిలే అనుకున్నాను.

వార్షిక మీటింగుకు ఆయన ఒక ఆలోచన చెప్పాడు. ప్రభువు శిష్యుల పాదాలు కడిగినట్టు, ప్రతి యజమానీ తన పనివాళ్ళలో ఒకరి కాళ్ళు స్టేజీ మీద కడగాలి. నాకు నిజంగా నచ్చింది. మా యూనిట్లో చొక్కాల గుండీలకు కాజాలు కుట్టే అమ్మాయిని అడిగితే సిగ్గుపడి నవ్వింది. "మీరు కడగతానంటే నేనెందుకు వద్దంటా అక్కా" అంది.

ఆరోజు ఫంక్షన్ హాలు చేరగానే ఆ అమ్మాయి, నేను మొహం కడుక్కుందామని వెనకవైపు కుళాయి దగ్గరికి వెళ్ళాము. అక్కడ ప్లాస్టిక్ స్టూలు మీద బ్రదర్ షోరూంలో టైల్స్ పెట్టెలు మోసే పెద్దాయన కూర్చుని ఉన్నాడు. మర్రిపాడు వైపు మనిషి, గొర్రెలు కాసే కుటుంబం. చర్చితో సంబంధం లేనివాడు. షోరూం మనుషులిద్దరు బట్టలుతికే బ్రష్షుతో, డెట్టాల్ సబ్బుతో ఆయన కాళ్ళు తోముతున్నారు. పగిలిన మడమలో నుంచి రక్తం కారుతోంది. నాలుగు అడుగుల దూరంలో తెల్ల బట్టల్లో బ్రదర్, ముక్కుకు చేతిగుడ్డ అడ్డం పెట్టుకుని నిలబడ్డాడు.

"మడమల కాడ ఇంకా రుద్దండిరా. వీడియోలో దగ్గరగా కనపడతాది."

"సామీ, నేను కడుక్కుంటా గదా. నా కాళ్ళు నేను కడుక్కోలేనా?" అన్నాడు పెద్దాయన.

"నువ్వు గమ్మునుండు. ఇది నీ కోసం కాదు, ప్రభువు కోసం."

కాజాల అమ్మాయి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

తర్వాత స్టేజీ మీద అదే మనిషిని పూలు చుట్టిన కుర్చీలో కూర్చోబెట్టారు. ఇత్తడి పళ్ళెం, గులాబీ రేకులు, కీబోర్డు సంగీతం. బ్రదర్ మోకాళ్ళ మీద కూర్చుని నీళ్ళు పోయబోతే, పెద్దాయన కాళ్ళు వెనక్కి లాక్కుని చేతులు జోడించాడు. యజమాని తన కాళ్ళు పట్టుకోవడం ఆయన దృష్టిలో మర్యాద కాదు, తనకు చుట్టుకునే పాపం. ఎవరో ఆ కాళ్ళను మళ్ళీ ముందుకు జరిపారు. బ్రదర్ ఏడుస్తూ కడిగాడు. హాలంతా స్తోత్రాలు. అప్పుడు వీడియో అతను కింద నుంచి, "సార్, మొహానికి చెయ్యి అడ్డమొచ్చింది, ఇంకోసారి" అన్నాడు. బ్రదర్ మళ్ళీ నీళ్ళు పోశాడు. మళ్ళీ ఏడ్చాడు. మొదటిసారి ఎక్కడ వెక్కాడో సరిగ్గా అక్కడే వెక్కాడు.

తెర వెనక్కి వచ్చాక శానిటైజర్ తీసుకుని మోచేతుల దాకా రుద్దుకుని, వేళ్ళు వాసన చూసుకున్నాడు.

తర్వాతి వంతు నాదే కాబట్టి మేమూ అక్కడే నిలబడి ఉన్నాము. "అక్కా, నాకొద్దు" అంది కాజాల అమ్మాయి. "నాకూ వద్దు" అన్నాను. ఇద్దరం మెట్లు దిగాము. బ్రదర్ గుమ్మం దగ్గరికి వచ్చి ఆపాడు.

"ఏంది సిస్టర్, మధ్యలో పోతా ఉండారు?"

"కడిగిన కాళ్ళను మళ్ళీ కడగడం దేనికి బ్రదర్?"

ఆయనకు కోపం రాలేదు. జాలిగా నవ్వాడు. "అక్కడే మీరు ఆగిపోతా ఉండేది. మీరు ఇంకా చానా ఎదగాల సిస్టర్" అంటూ ప్రార్థన చేస్తానని నా తలమీద చెయ్యి పెట్టబోయాడు. ఆ చెయ్యి తగలకుండా పక్కకు తప్పుకున్నాను.

వారం తిరక్కముందే ఉదయగిరి రోడ్డులో ఫ్లెక్సీ లేచింది. కన్నీళ్ళతో బ్రదర్ మొహం నిలువెత్తున ఉంది. పెద్దాయనవి కాళ్ళు మాత్రమే ఉన్నాయి, మోకాళ్ళ పైన కత్తిరించేశారు. వీడియో అందరి స్టేటస్సుల్లోనూ తిరిగింది. పెద్ద ఊళ్ళ నుంచి నాయకత్వం మీద మాట్లాడమని బ్రదర్‌కు పిలుపులు వచ్చాయట. నేను ఆ గ్రూపులోనుంచి బయటికొచ్చేశాను.

ఎండాకాలం ముందు యూనిఫాంలు ఇవ్వడానికి ఆటోలో వెళ్తుంటే మర్రిపాడు దాటాక గొర్రెల మందతో పెద్దాయన కనిపించాడు. ఆటో ఆపించి పలకరించాను.

"పని మానుకున్నావా పెద్దాయనా?"

"మానుకున్నానమ్మా. అది అయినాక ఆయన నా మొహం చూసేది లేదు. ఎదురుపడితే పక్కకు పోతాడు. గిరాకీ వాళ్ళు వీడియోలో చూసి నన్ను గుర్తుపట్టి ఫోటోలు అడగతా ఉంటే గోడౌన్లోకి మార్చినాడు." కర్రతో ఒక గొర్రెను అదిలించి మళ్ళీ అన్నాడు. "ఊర్లో ఏమంటారో తెలుసా? ఏం తప్పు చేసినావురా, కాళ్ళు కడిగి మరీ పంపించినారంట అని అడగతారు. వాళ్ళకేం చెప్పేది?"



ఆ ఏడాది గుడ్ ఫ్రైడే ముందురోజు, పవిత్ర గురువారం నాడు, ఉదయగిరిలో మా అమ్మ వెళ్ళే చర్చికి పోయాను. ఫాదర్ ముసలివాడు. ఏటా ఆరోజు కొందరు పెద్దవాళ్ళ కాళ్ళు కడుగుతాడు. నీలం ప్లాస్టిక్ టబ్బు, నీళ్ళ చెంబు, పాత తువ్వాలు. చిన్నప్పటి నుంచీ పండగలన్నిటికంటే నాకు ఆ సాయంత్రమే ఇష్టం. ఆయన వంగాడు, నీళ్ళు పోశాడు. చుట్టూ అందరూ తలలు వంచుకున్నారు. నేను మాత్రం తల ఎత్తి ఆయన మొహంలోకే చూస్తున్నాను. నిజమా, నటనా అని వెతుకుతున్నాను. పక్కకు తిరిగి ఎవరైనా ఫోను పట్టుకున్నారా అని చూశాను. ఎవరూ పట్టుకోలేదు. ఫాదర్ లేవలేక బల్ల పట్టుకుని, మోకాలు రుద్దుకుని, ఇంకొకరి కాళ్ళ దగ్గరికి జరిగాడు.

"ఏమ్మా, బాగలేదా?" అని అమ్మ అడిగింది.

"బాగనే ఉండాను" అని బయటికొచ్చి గోడకు ఆనుకున్నాను. ఆ ముసలాయన్ను అనుమానంగా చూసేలా నన్ను తయారుచేసిన షోరూం యజమాని మీద, ఆ సాయంత్రం పుట్టిన అసహ్యం అంతా ఇంతా కాదు.