ఎర్రమూత పెట్టె

డోర్లీన్ హాగెన్ వంట గురించి ఎవరూ గొప్పగా చెప్పరు. తూటాలు కట్టడంలో మాత్రం మోంటానాలోని ఆ లోయంతా గాలించినా ఆమెకు సాటివాళ్లు దొరకరు. ముప్పయ్యేళ్లుగా వంటింటి బల్ల దగ్గర కూర్చుని మందు తూచి, గుండు బిగిస్తోంది. నేల ఉడతలకు తేలిక గుండ్లు, పచ్చమూత పెట్టెలో. కయోటీ నక్కలకు బరువు గుండ్లు, ఎర్రమూత పెట్టెలో. తేలికది నేలకు తగలగానే పొడైపోతుంది. బరువుది రాయికి తగిలి ఎగిరిందంటే ఎటు పోతుందో దేవుడికే ఎరుక.

ఉడత బొరియలో కాలు పడి గుర్రం కాలు విరిగినప్పటినుంచి ఆమె భర్త ఎల్విన్‌కు ఉడతలంటే పగ. నిన్నంతా గాలి వీస్తుంటే విసుక్కున్నాడు.

"నీ గుండ్లు దూదిపింజల్లా కొట్టుకుపోతున్నాయే! ఇక్కడ కొడితే పక్క జిల్లాలో పడుతున్నాయ్."

"గాలి తగ్గేదాకా కాఫీ తాగు. ఉడతలేం రైలెక్కి పోవులే."

ఈ ఉదయం గిన్నెలు కడిగి అలమర వైపు చూస్తే పచ్చమూత పెట్టె అక్కడే ఉంది. ఎర్రది లేదు. దాణాకని ఊరెళ్లిన కూతురు జోలీన్, కొట్టు తెరవలేదని తిరిగొచ్చి, దక్షిణపు మిట్ట అవతల గడ్డిచేనుకు నీళ్లు కడుతోంది. ఆ సంగతి ఎల్విన్‌కు తెలియదు. మిట్టకు ఇవతల ఉడతలను కొడుతున్నాడు. అక్కడ ఫోను పలకదు.

డోర్లీన్ పికప్పు బండి ఎక్కి దూకించింది. దారిలో మూడు గేట్లు. తీసిన గేటు మూయకుండా ఆమె పుట్టాక ఎన్నడూ పోలేదు. ఈరోజు మూడూ బార్లా వదిలేసింది. ఆవులు పోతే పోనీ అనుకుంది. తుపాకీ పేలిన ప్రతిసారీ వెనకాలే రాయికి తగిలి ఎగిరిన గుండు సన్నటి, పొడుగాటి ఏడుపు. తేలిక గుండ్లకు ఆ చప్పుడు ఉండదు. మిట్ట కింద బండి ఆపి దిగింది.

"డోర్లీన్! పన్నెండుకి పన్నెండు! గాలి పప్పులేం ఉడకలేదు!" ఎల్విన్ అరిచాడు.

"కింద పెట్టవయ్యా దాన్ని! జోలీన్ అవతలుంది!"

"ఊరెళ్లిందిగా?"

"తిరిగొచ్చింది!"

ఎల్విన్ తుపాకీ కింద పెట్టేశాడు. ఇద్దరూ పడుతూ లేస్తూ మిట్టెక్కారు.

కింద కాలువలో మోకాలి బూట్లతో జోలీన్ నిలబడి ఉంది. ఒక చేత్తో పార పట్టుకుని, రెండో చేత్తో టోపీని చెవి పక్కన విసురుతోంది. డోర్లీన్ దిగి వెళ్లి కూతుర్ని గట్టిగా వాటేసుకుంది.

"ఏంటమ్మా, ఊపిరాడట్లేదు! పొద్దున్నుంచీ ఏదో జోరీగ, ఒకటే రొద. కొడదామంటే కనపడి చావదు. ఇందాకైతే చెంప పక్కనుంచే పోయింది."