గుర్రుమంటే గ్రౌల్

గంగాధరరావు సారు ప్రతి వాక్యానికి ముందు గొంతు సవరించుకునేవాడు. ఇంగ్లిష్ అంటే అలాగే మొదలుపెట్టాలేమో అనుకున్నాడు సైదులు. నల్గొండ పల్లె నుంచి దిల్‌సుఖ్‌నగర్ వచ్చి స్పోకెన్ ఇంగ్లిష్ క్లాసులో చేరినవాడు, సారు మాటలతో పాటు ఆ దగ్గునూ వారం రోజులు గదిలో సాధన చేశాడు. ఇంటర్వ్యూకు పంపేవాళ్ల జాబితా తయారుచేసే రోజున లేచి నిలబడి, శ్రద్ధగా గొంతు సవరించుకుని, "మై నేమ్ ఈజ్ సైదులు" అన్నాడు. అరవై మంది పగలబడి నవ్వారు.

"నన్నే వెక్కిరిస్తావా? ఇమిటేట్, మిమిక్, ఏప్. మూడూ రాసుకోండర్రా. మూడోదానికి అర్థం అక్కర్లేదు, వీణ్ణి చూస్తే చాలు, కోతి" అన్నాడు సారు. జాబితాలో సైదులు పేరు కొట్టేశాడు. పక్కన కూర్చున్న సాయినాథ్ ఒక్కడే నవ్వలేదు.

సైదులు ఎల్బీ నగర్‌లో ఒక సర్వీస్ సెంటర్‌లో కార్లు కడిగే పనికి కుదిరాడు. అక్కడ కస్టమర్ ఫిర్యాదును ఇంగ్లిష్‌లో కార్డు మీద రాస్తారు. దాన్ని బట్టే మెకానిక్ బండి విప్పుతాడు. రాసేవాళ్లు ప్రతి మోతకూ 'సౌండ్' అని రాసి చేతులు దులుపుకునేవారు. పెద్ద చదువులవాళ్లు మరి. సైదులు మాత్రం కంపెనీ మాన్యువల్ ముందేసుకుని నోటుబుక్కులో ఎక్కించుకున్నాడు: కీచుమంటే స్క్వీల్, బుస్సుమంటే హిస్, గుర్రుమంటే గ్రౌల్.

రెండేళ్లకు కార్డు రాసే కుర్చీ ఖాళీ అయింది. సైదులు వెళ్లి అడిగాడు. మేనేజర్ విజయదుర్గ మూడోసారి తిరిగొచ్చిన కారును చూపించింది. "ఇది నాలుగోసారి రాకుండా కార్డు రాయి. కుర్చీ నీదే."

కారు యజమాని మల్లికార్జునరావు విసిగిపోయి ఉన్నాడు. "ఏదో మోతయ్యా. ఎన్నిసార్లు చెప్పాలి?"

"ఎట్లొస్తది సార్? జర నోటితోని చేసి సూపియ్యుండ్రి."

"నేనా? ఇంతమందిలోనా?"

"పోనీ నేనే చేస్త. కాకుంటే కాదనుండ్రి."

సైదులు కీచుమన్నాడు. కాదన్నాడాయన. నాలుక టకటకలాడించాడు. అదీ కాదు. కడుపులోంచి గుర్రుమన్నాడు.

"అదేనయ్యా. కుడికి తిప్పితే ఇంకా గట్టిగా..." అంటూ ఆయనే గుర్రుమన్నాడు.

గ్రౌల్, కుడికి తిప్పితే ఎక్కువ అని కార్డు మీద ఇంగ్లిష్‌లో పడింది. కుడికి తిప్పితే బరువు పడేది ఎడమ చక్రం మీదే కనుక, మెకానిక్ జంగయ్య అది చదివి తిన్నగా దాన్నే విప్పాడు. "బేరింగ్ పోయిందిరా. గీ ముక్క ముందుగాల్నే రాస్తే ఏం పోయింది వాళ్లకు?"

కారు మళ్లీ రాలేదు. నెల తిరిగేసరికి సైదులు ఆ కుర్చీలో ఉన్నాడు.

మొన్న మెట్రో మెట్ల దగ్గర సాయినాథ్ కలిశాడు. "ఏందిరా, ఇంగ్లిష్ల దంచుతున్నవంట గదా" అన్నాడు.

"నేనేం దంచుతరా సాయీ. కార్లున్నోళ్లే పొద్దుగాల నుంచి లైన్ల కూసొని, నా ముందట గుర్రుమంటున్నరు."