ఎత్తు చక్రం సైకిల్

తొంభైల చివర్లో నేను మాదాపూర్‌లో ఒక చిన్న కంపెనీలో పనిచేసేవాణ్ణి. పిల్లల కోసం పాఠాల సీడీలు తయారుచేసే కంపెనీ అది. కంపెనీ అంటే ఒక అద్దె మేడ. కింద నాలుగు గదుల్లో మేము, పైన యజమాని. చుట్టూ ఇంకా బండరాళ్లే. వాటిని పేల్చినప్పుడల్లా కిటికీ అద్దాలు అదిరేవి, కీబోర్డుల మీద సన్నటి తెల్లదుమ్ము పేరుకునేది. మాది తెనాలి దగ్గర ఊరు. తెలుగూ ఇంగ్లీషూ రెండూ తప్పుల్లేకుండా రాస్తానని ఉద్యోగం ఇచ్చారు. ప్రగతి నగర్‌లో ఒక గది తీసుకుని, రోజూ రెండు బస్సులు మారి వచ్చేవాణ్ణి.

నాకు అప్పగించిన పాఠం సైకిల్ పుట్టుక. లైబ్రరీల్లో పుస్తకాలు తిరగేసి రాసుకున్నాను. మొదట వచ్చింది చెక్కబండి, దానికి పెడళ్లు లేవు. మనిషి రెండు చక్రాల మధ్య కూర్చుని, కాళ్లతో నేలను తన్నుకుంటూ పోయేవాడు. కొన్ని దశాబ్దాల తర్వాత ముందు చక్రం ఇరుసుకే పెడళ్లు బిగించారు. ఇనప పట్టా వేసిన ఆ చెక్క చక్రాలు రాళ్ల దారుల్లో ఎముకలు కదిలిపోయేలా కుదిపేవట. ఆ తర్వాతది ఎత్తు చక్రం సైకిల్. ముందు చక్రం మనిషి గుండెల దాకా ఉంటుంది, వెనకది పిల్లల బండి చక్రమంత. గొలుసు వచ్చి, రెండు చక్రాలూ సమానమై, గాలి టైర్లు తొడుక్కున్నాక గానీ మనకు తెలిసిన సైకిల్ తయారుకాలేదు.

ఇదంతా రాయగలిగాను కానీ, స్పోకులనే ఆ సన్నటి పుల్లల మీద చక్రం మనిషి బరువు ఎలా మోస్తుందో మాత్రం నాకు అంతుపట్టలేదు. ఆఫీసుకు కాస్త దూరంలో, రోడ్డు పక్కన రేకుల కింద ఒక సైకిల్ మిస్త్రీ ఉండేవాడు. ఆయన్ని అడుగుదామని వెళ్లాను.

ఆయనకు యాభై దాటి ఉంటాయి. ఆ ఊరివాడే. ఒకప్పుడు జొన్న వేసిన తన చేను ఇప్పుడు ఎవరిదో కంచె వెనక ఉందని, అటువైపు తల తిప్పకుండానే చెప్పాడు. ఆయన భార్య పక్కనే పీట మీద కూర్చుని పంక్చర్లు వేసేది. నా ప్రశ్న వినగానే మిస్త్రీ ఒక పాత చక్రాన్ని స్టాండుకు తగిలించి, పుల్లలు ఒక్కొక్కటీ వేళ్లతో లాగి చూపించాడు.

"అందరు బరువు కింది పుల్లల మీద నిలబడ్డదనుకుంటరు సారు. కాదు. పై పుల్లలకు వేలాడుతది."

ఏ పుస్తకంలోనూ నాకు అంత తేలిగ్గా అర్థం కాలేదు. మర్నాడు బొమ్మల జిరాక్సులు పట్టుకెళ్లాను. ఆయన మిగతావన్నీ పక్కన పెట్టి ఎత్తు చక్రం బొమ్మనే చాలాసేపు చూశాడు. అంత పెద్ద చక్రం ఎందుకో నేను చెప్పబోయేలోపే తనే చెప్పేశాడు: గొలుసు లేదు కాబట్టి ఒకసారి తొక్కితే చక్రం ఒకసారే తిరుగుతుంది, ఎక్కువ దూరం పోవాలంటే చక్రమే పెద్దది చేసుకోవాలి. చదువు లేని మనిషి. నేను రెండు పుస్తకాలు చదివి తెలుసుకున్నది బొమ్మ చూసి చెప్పాడు.

ఈ సంగతి నేనే యజమానికి గొప్పగా చెప్పాను. ఆయన వెంటనే, సీడీ విడుదల రోజున అలాంటి సైకిల్ ఒకటి చేయించి అతిథుల ముందు తొక్కిద్దాం అన్నాడు. మిస్త్రీని అడిగితే ఎగిరి గంతేసినంత పనిచేశాడు. చెయ్యబోయే ముందు, నా కాగితాల్లో ఆ బండి గురించి ఏం రాసుందో అంతా చదివి వినిపించమన్నాడు.

స్టూలు మీద కూర్చుని చదివాను. అందులో ఒక పేరా ఉంది. ఎత్తు చక్రానికి చిన్న రాయి అడ్డం తగిలినా వెనక చక్రం పైకి లేచి, మనిషి తలకిందులుగా ముందుకు పడతాడనీ, కాళ్లు హ్యాండిల్ కింద ఇరుక్కుని దూకడానికి వీలుండదనీ, చేతులు విరిగినవాళ్లు, ప్రాణాలు పోయినవాళ్లు ఉన్నారనీ, ఆ భయం వల్లే తర్వాత గొలుసు సైకిల్ తయారైందనీ. పిల్లలు భయపడతారని యజమాని అప్పటికే ఆ పేరాని ఎర్ర సిరాతో కొట్టేశాడు. నేను ఆ పేరా దగ్గరకు వచ్చి, కాగితం తిప్పేశాను.

యజమాని కొట్టేశాడు కాబట్టి చదవలేదని ఆ తర్వాత చాలాసార్లు నాకు నేను చెప్పుకున్నాను. అది నిజం కాదు. అది వింటే మిస్త్రీ ఎక్కడ వెనక్కి తగ్గుతాడో, నేను పైగదిలో యజమానికి ఏం జవాబు చెప్పాలో అని భయపడ్డాను. అంతే.

బండి చెయ్యడానికి మూడు వారాలు పట్టింది. ఎడ్లబండి చక్రాలకు పట్టా వేసే కమ్మరి దగ్గర మిస్త్రీ పెద్ద ఇనప చుట్టు వంపించుకొచ్చాడు. మామూలు పుల్లలు చాలవు కాబట్టి సన్నటి ఊచల కొసలకు నట్టు పట్టేలా తనే మర తీశాడు. లావుపాటి రబ్బరు గొట్టాన్ని చీల్చి టైరుగా తొడిగాడు. మధ్యాహ్నం భోజనం మానేసి నేను అక్కడే ఉండేవాణ్ణి. చక్రాన్ని తిప్పుతూ, వంకర ఎక్కడుందో కన్ను ఆనించి చూసి, పుల్లలు బిగించే తాళంతో ఒక్క పుల్లను పావు చుట్టు బిగించేవాడు. మళ్లీ తిప్పేవాడు. ఆయన భార్య మాత్రం ఆ బండిని మొదటి నుంచీ ఇష్టపడలేదు.

"ఎక్కుడు సరే, దిగుడెట్ల?" అని అడిగింది.

నేను నవ్వేశాను.

బండి తయారయ్యాక, దుకాణం వెనక మెత్తటి మట్టిలో నేను వెనక పట్టుకుంటే బండి ఎలా నడుస్తుందో చూడటానికి ఆయన నాలుగు రోజులు తొక్కడం నేర్చుకున్నాడు. ఐదో రోజు నన్ను వదిలెయ్యమన్నాడు. అంత ఎత్తున కూర్చుని, రెండు మోకాళ్లూ హ్యాండిల్‌కి తగులుతుంటే, ఆ మనిషి నోరారా నవ్వడం మొదటిసారి చూశాను. కంచె అవతల తన చేను మొత్తం కనిపిస్తోందని చెప్పాడు.

విడుదల రోజు ఉదయం ఆఫీసు ముందు షామియానా వేశారు. తొక్కుతానని ముందు ఒప్పుకున్న మా ఆఫీసు కుర్రాడొకడు, బండి ఎత్తు చూసి జారుకున్నాడు. యజమాని నా వైపు చూశాడు. నేను మిస్త్రీ వైపు చూశాను. అప్పుడైనా చెప్పి ఉండొచ్చు.

"నేను చేసిన బండే కద. నేనే ఎక్కుత," అన్నాడాయన.

ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా వేసుకొచ్చాడు. మొదటి చుట్టు బాగా తిరిగాడు. అతిథులు చప్పట్లు కొట్టారు. రెండో చుట్టులో, గేటువైపు కొద్దిపాటి వాలు దగ్గర, మైకు తీగ మీద కప్పిన చెక్కపట్టీకి చక్రం తగిలింది. పెద్ద శబ్దమేమీ రాలేదు. చక్రం అక్కడే ఆగిపోయింది, వెనక చక్రం పైకి లేచింది, మనిషి హ్యాండిల్ మీదుగా తలకిందులుగా వచ్చి సిమెంటు మీద పడ్డాడు. నేను కాగితం మీద ఏం రాశానో అది వరుస తప్పకుండా నా కళ్లముందు జరిగింది. పడేముందు రెండు చేతులూ ముందుకు చాచాడు. అందువల్ల తల దక్కింది. మణికట్లు రెండూ విరిగాయి.

ఆఫీసు జీపులో సర్కారు దవాఖానకు తీసుకెళ్లాం. కంపెనీ పేరు ఎక్కడా రాకూడదని యజమాని నన్ను పక్కకు పిలిచి చెప్పాడు. చీటీ రాసే గుమస్తా ఎలా జరిగిందని అడిగితే, సైకిల్ మీద నుంచి పడ్డాడని చెప్పాను. ఆయన అలాగే రాసుకున్నాడు. మిస్త్రీ భార్య నా పక్కనే నిలబడి అంతా వింది. 

సీడీ వచ్చింది. అందులో ఎత్తు చక్రం సైకిల్ ఫొటో ఉంది, మనిషి లేకుండా తీసింది. దాని కింద నేను రాసిన నాలుగు వాక్యాలు ఉన్నాయి, ఒక్కదాంట్లోనూ తప్పు లేదు.

రెండు నెలల తర్వాత కట్లు విప్పారు. ఎడమ చెయ్యి వంకరగా అతుక్కుంది. కుడిచేతి వేళ్లు పూర్తిగా ముడుచుకోవడం లేదు. నేను వెళ్లేసరికి ఆయన దుకాణం ముందు ఊరికే కూర్చుని ఉన్నాడు. భార్య ఎవరిదో చక్రం సరిచేస్తోంది, అది ఆమెకు రావడం లేదు. ఆయన చెబుతున్నాడు, ఆమె బిగిస్తోంది, చక్రం ఇంకోవైపు వంకరపోతోంది. చివరికి ఆమె తాళం కింద పడేసి లోపలికి వెళ్లిపోయింది. ఆయన నా వైపు తిరిగి అడిగాడు.

"సారు, గా బండి మీది నుంచి గట్ల పడుతరని మీ కాగితాల్ల ఉండెనా?"

అబద్ధం చెప్పడానికే నోరు తెరిచాను. ఆయన వేళ్లు చూసి చెప్పలేకపోయాను.

"ఉందండీ. చదవకుండా పేజీ తిప్పేశాను. తెలిస్తే మీరు చెయ్యరేమోనని."

ఆయనకు కోపం వస్తుందని ఎదురుచూశాను. వచ్చి ఉంటే బాగుండేది. ఒళ్లో ఉన్న కుడిచేతిని ఎడమచేత్తో పక్కకు జరుపుకున్నాడు.

"చెప్పినా చేస్తుంటి సారు," అన్నాడు. "ఎక్కకపోతుంటి. గంతే."

నేను లేచి వచ్చేశాను. క్షమించమని అడగాలని కూడా తోచలేదు. తర్వాతి వారం మళ్లీ వెళితే, ఆయన లోపలి నుంచి బయటకు రాలేదు. ఆయన భార్య, పంక్చర్ ఉందా సారూ అని మాత్రం అడిగింది. లేదన్నాను. అయితే దుకాణానికి అడ్డం నిలబడొద్దంది.

మరుసటి ఏడాది రోడ్డు వెడల్పు చేయడానికి ఆ వరసలో ఉన్న రేకుల దుకాణాలన్నీ తీసేశారు. వాళ్లిద్దరూ జీడిమెట్ల వైపు వెళ్లారని, ఏదో మందుల ఫ్యాక్టరీలో ఆమె ఊడ్చే పనికి కుదిరిందని పక్క టీకొట్టు అతను చెప్పాడు. ఆయన ఏం చేస్తున్నాడని అడిగితే, చేతుల్లేని మనిషి ఏం చేస్తడు, ఇంట్ల ఉంటడు అన్నాడు. ఒక ఆదివారం బస్సెక్కి జీడిమెట్ల వెళ్లాను. సాయంత్రం దాకా ఫ్యాక్టరీ గేట్ల వెంట తిరిగాను. నేను అడిగినవాళ్లెవరికీ వాళ్లు తెలియలేదు. రెండోసారి వెళ్లలేదు.