చీర తెలియని బండి

ఉద్యోగంలో చేరిన కొత్తల్లో, భయమేస్తే నాకు చేతనైంది ఒక్కటే, తల ఊపడం. హిందూపురంలో ఓ రేకుల షెడ్డులో, తనంతట తానే దారి చూసుకుంటూ సరుకు మోసే రోబో బండి తయారుచేస్తుండేవాళ్లం. ఏది దారి, ఏది గోడ, ఎవరు మనిషి అని వేల ఫోటోలు చూపించి దాని న్యూరల్ నెట్‌వర్క్‌కు నేర్పించే పని నాది. ఇంకో నెల గడువు అడుగుదామని మా సారు దగ్గరికి వెళ్లాను (ఆయనకు మేం పెట్టుకున్న పేరు ‘అయిపోతాది సారు’). "రేపే ధర్మవరం పట్టు గోడౌన్‌లో చూపించల్ల. అయిపోతాది కదమ్మా?" అన్నాడాయన. ఊపేశాను.

మర్నాడు వ్యాన్‌లో బండి పక్కనే కూర్చుని పెనుకొండ దాటేసరికి అరచేతులు చెమటతో తడిసిపోయాయి. గోడౌన్‌లో మొదటి చుట్టు బండి బుద్ధిగా తిరిగింది. స్తంభాన్ని తప్పుకుంది, డబ్బాల ముందు ఆగింది. "భలే ఉండాదప్పా" అన్నాడు యజమాని మా సారుతో. నేను ఊపిరి పీల్చుకున్నానో లేదో, యజమాని తల్లి, డెబ్బై దాటిన అవ్వ, ఎర్ర చీరలో బండికి ఎదురొచ్చింది. బండి ఆగలేదు. పట్టు మూటల బరువుతో నేరుగా ఆమె మీదికే పోతోంది. ఆపే రిమోటు నా చేతిలోనే ఉంది, వేలు మాత్రం కొయ్యబారిపోయింది. "అవ్వా!" అని అరుస్తూ పరుగెత్తి మధ్యలో నిలబడ్డాను. బండి నా మోకాలికి జానెడు దూరంలో ఆగింది.

అవ్వ నన్నూ బండినీ మార్చి మార్చి చూసింది. "నిన్ను చూసి నిలబడింది గదా. నేను కనపడలేదా దానికి?"

తప్పు బ్యాటరీ మీదికి నెట్టేద్దామనుకున్నాను గానీ, అబద్ధం కూడా ఆడలేకపోయాను. "ఫోటోలన్నీ మా ఆఫీసులోవే అవ్వా. అందరమూ ప్యాంట్లే. చీర కట్టుకున్న మనిషిని అదెప్పుడూ చూడలేదు."

"చీరలు నేసే ఊరికి చీర తెలీని దాన్ని తెస్తివా!"

సారు నోరు తెరిచేలోగా "ఇంకో నెల కావాల సార్" అన్నాను. నా గొంతేనా అనిపించింది.

ఆ నెలంతా అవ్వ కెమెరా ముందు నడిచింది, వంగింది, కూర్చుంది. పూటకో చీర మార్చింది, కోడళ్లనూ లాక్కొచ్చింది. చివరి పరీక్షనాడు ఎవరు వద్దన్నా వినకుండా బండికి తానే ఎదురు నడిచింది. నేను రిమోటు గట్టిగా పట్టుకుని, (చెప్పడానికి సిగ్గుగా ఉంది) కళ్లు మూసుకున్నాను.

"తెరువు పాపా, నిలబడింది" అంది అవ్వ.

ఇప్పుడు నా కింద పదిమంది పనిచేస్తున్నారు. ఏ కొత్త యంత్రం కదిలినా ఇంకా భయమేస్తూనే ఉంది. అప్పటి ఆ పిరికిపిల్లను తలుచుకుంటే నవ్వొస్తుంది. బండి తనకోసం ఆగినప్పుడు అవ్వ ముఖం ఎట్లా వెలిగిందో అందరూ చెప్పుకున్నారు. చూడనిది నేనొక్కదాన్నే.