గోనె పందిరి కింద బానెట్

మా నాన్న డేవిడ్‌రాజుకు నోటితో అబద్ధం చెప్పడం రాదు. అందుకని డాక్టరును తప్పించుకోవడానికి స్పానరు పట్టుకున్నాడు. శుక్రవారం సాయంత్రం నేను బడి నుంచి వచ్చేసరికి వాకిట్లో నా కారు ఇంజను బయటపెట్టుకుని నిలబడి ఉంది. పక్కింటి జగ్గమ్మ మొగుణ్ని సాయం పిలిచి బానెట్ విప్పించాడట. దాన్ని పెరట్లో రెండు స్టూళ్ల మీద పడుకోబెట్టి, నీళ్లు చల్లుకుంటూ గరుకు వాటర్ పేపరుతో పాత రంగు రుద్దుతున్నాడు.

“ఏటి నాన్నా ఇది? రేపు డాక్టరు దగ్గర చీటీ ఉన్నాది కదా!”

“అందుకే కదమ్మా మెర్సీ. పెచ్చులూడిపోయిన బానెట్టుతో ఆసుపత్రికి ఎల్తామేటి? రేపు రంగేసి బిగించేత్తాను. దర్జాగా మన కారులోనే ఎల్దాం.”

“ఎండకపోతే?”

“ఎండకపోతే మరో శనివారం నేదేటి?”

తాడిచెట్టు ఎందుకెక్కావంటే దూడగడ్డి కోసమన్నాడట వెనకటికొకడు. మా నాన్నదీ అదే బాపతు. విజయనగరంలో ఊపిరితిత్తుల డాక్టరు మాకు దొరికేది శనివారం సాయంత్రాలే. మొదటి శనివారం చర్చిలో పాటల ప్రాక్టీసు అడ్డం పెట్టాడు. రెండో శనివారం పొద్దున్నే ఎవరికీ చెప్పకుండా చుట్టాలింటికి బస్సెక్కేశాడు. ఇప్పుడు బానెట్. ఎండకు దాని రంగు లేచిపోయిందని మూడు నెలలుగా సణుగుతున్నది నేనే. సాకు కూడా నా నోట్లోంచే ఏరుకున్నాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. కానీ ఆ మంట వెనక ఉన్నది భయమే. ఏడు నెలలుగా నాన్న దగ్గు లెక్కపెడుతున్నాను. గోడ అవతల దగ్గు మొదలైతే నా చేతిలో అన్నం ముద్ద ఆగిపోతుంది. చర్చి మెట్లెక్కుతూ మధ్యలో ఆగి చెప్పు సర్దుకుంటాడు. ఆ చెప్పుకు ఏ జబ్బూ లేదని నాకు తెలుసు. ఒకప్పుడు ఆయన గొంతెత్తితే వెనక బెంచీల వాళ్లకు పాటల పుస్తకంతో పనుండేది కాదు. ఇప్పుడు రాగం తీయాల్సిన చోట పేజీ తిప్పుతున్నట్టు తల దించేసుకుంటాడు. లోపల ఏముందో, ఎంత ముదిరిందో తెలియదు. ఆ తెలియకపోవడమే నన్ను తినేస్తోంది.

నాన్న ముప్ఫై ఒక్క ఏళ్లు జనపనార మిల్లులో దారం తీసే మిషన్ల దగ్గర పనిచేసి రిటైరయ్యాడు. నా చిన్నప్పుడు షిఫ్టు దిగి వస్తే కనుబొమ్మలు కూడా బంగారు రంగులో ఉండేవి. మీసంలోంచి నార పోగులు ఏరి పెడితే నాకు బెల్లం ముక్క ఇచ్చేవాడు. బెల్లం నమిలితే గుండెల్లో దుమ్ము దిగిపోతుందని మిల్లులో అందరి నమ్మకం. ఆ బెల్లం ముక్క ఇప్పటికీ ఆయన చొక్కా జేబులో ఉంటుంది. ఇంట్లో కాళ్లు తుడుచుకోవడానికి గోనె, కిటికీకి గోనె, నీళ్ల డ్రమ్ము మీద గోనె. ఎవరేమన్నా గోనెను మాత్రం అననివ్వడు.

“నాన్నా, నీ దగ్గు ఆ నార దుమ్ము వల్లేనేమో,” అని ఒకసారి అన్నందుకు రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు మాత్రం, “ముప్పయ్యొక్క ఏళ్లు మనకి కూడెట్టినాది. నిన్ను సదివించినాది. దాని మీద నింద ఏత్తావేటే? దుమ్మంటావా, అది బెల్లంతో ఎప్పుడో దిగిపోనాది,” అన్నాడు.

శనివారం పొద్దున్న పని మొదలైంది. స్ప్రే డబ్బా నేనే పట్టుకుంటానని, ఆయన దూరంగా కూర్చుని చెప్తే చాలని షరతు పెట్టాను. ఒప్పుకున్నాడు. అయితే పక్క పెరట్లో జగ్గమ్మ ఉలవలు చెరుగుతోంది. పొట్టు గాల్లో లేస్తోంది.

“ఒసే జగ్గమ్మా, ఒక్క పూట ఆపవే. తడి రంగు మీద నీ పొట్టు పడిపోతాది!”

“నీ కారు సోకు కోసరం నా ఉలవలు ఆపుకుంటానేటి? పోరా!”

నాన్న లేచాడు. గదిలోంచి పాత గోనె సంచులు పది తెచ్చి, విప్పదీసి, నీళ్లలో ముంచి, గోడకీ జామచెట్టుకీ తాళ్లు కట్టి బానెట్ చుట్టూ, పైనా పందిరి వేశాడు. “గోనె దాటి దుమ్ము రాదు. నా మాట ఇను,” అన్నాడు. ఆ నాలుగు తాళ్లు కట్టేసరికి ఆయాసంతో గోడకు ఆనుకుని నిలబడ్డాడు. మా అమ్మ సీతమ్మ మిరియాల కషాయం గ్లాసుతో వచ్చి, దాన్ని ఆయన చేతిలో పెట్టి వెళ్లిపోయింది.

నేను ముక్కుకు మాస్కు కట్టుకుని ఒక పక్క గోనె ఎత్తి లోపల దూరాను. పల్చగా ఒక పూత, కాసేపాగి ఇంకో పూత. బయటి నుంచి ఆయన ఆజ్ఞలు. “సెయ్యి ఆపకే, ఆపితే కారిపోతాది! దూరం, దూరం!” పన్నెండింటికి చివరి పూత అయింది. ఆ మసకలో నాకు ముదురు నీలం తప్ప మరేమీ కనబడలేదు.

“ఇంక నాలుగింటి దాకా ఎవరూ ముట్టుకోకండి,” అన్నాడు నాన్న.

ఐదింటికి డాక్టరు. నాలుగింటికి రంగు ఎండాలి, ఆ తర్వాత బిగించాలి. అన్నం సయించలేదు. ఎండకు గోనెలు గంటలోనే ఎండిపోయాయి. మధ్యాహ్నం గాలి లేచి వాటిని టపటపా కొట్టింది. పందిరి ఊగినప్పుడల్లా నేను గడియారం చూశాను. నాన్న కుర్చీలో కూర్చుని తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని దగ్గాడు. పద్దెనిమిది సార్లు.

నాలుగింటికి గోనెలు తీశాం. నీలం రంగు మెరిసింది. నాన్న మొహం కూడా. పక్కకు వంగి చూశాక ఆ మొహం మారిపోయింది. బానెట్ నిండా, ఈ చివర నుంచి ఆ చివరికి, సన్నని బంగారు నూగు ఆ రంగుకు అతుక్కుపోయి ఉంది.

“ఒసే జగ్గమ్మా! సూడు నీ ఉలవలు ఏటి సేసినాయో!”

జగ్గమ్మ చేట పట్టుకునే వచ్చింది. బానెట్ మీదకు వంగి చూసింది. గోటితో ఒక పోగు గీకి వేలి మీద పెట్టి ఆయనకు చూపించింది. “ఉలవ పొట్టు ఇలగ పొడుగ్గా ఉంటాదేటిరా డేవిడ్‌రాజూ? ఇది నీ నారే.”

నాన్న నేల మీద పడున్న గోనెల వైపు చూశాడు. మళ్లీ బానెట్ మీద అరచెయ్యి ఆనించి మెల్లగా ఈ చివర నుంచి ఆ చివరికి నిమిరాడు. జేబులోంచి బెల్లం ముక్క తీసి, దాన్ని కూడా కాసేపు చూసి, స్టూలు అంచున పెట్టాడు.

“నాలుగు గంటల్లోనే ఇంతేటి మెర్సీ?” అన్నాడు.

నేను లెక్కల టీచర్ని. ఎనిమిది గంటల షిఫ్టులు, ముప్ఫై ఒక్క ఏళ్లు. ఆ లెక్క వెయ్యడానికి నాకు ధైర్యం చాలలేదు.

“మిషన్ల రొదలో నా పాట నాకే ఇనబడదని,” అన్నాడు నాన్న, “నోరంతా తెరిసి పాడేవోణ్నమ్మా. రోజూ.”

అప్పుడు దగ్గు వచ్చింది. ఈసారి తువ్వాలు అడ్డం పెట్టుకోలేదు, తల తిప్పుకోలేదు. అమ్మ పరుగున వచ్చి వీపు రాస్తుంటే రాయనిచ్చాడు. నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

దగ్గు ఆగాక తలెత్తి, “టైమెంతయ్యింది?” అని అడిగాడు.

“నాలుగుంపావు. కానీ బానెట్ లేకుండా కారు...”

“బానెట్ మళ్లీ రుద్దుకోవచ్చు. బేగి ఆటో పిలువు.”

లోపలికెళ్లి ఆదివారం చర్చికి వేసుకునే తెల్ల చొక్కా తీశాడు. ఇస్త్రీ మడత విప్పి, వేసుకునే ముందు గుమ్మం బయటికొచ్చి రెండుసార్లు గట్టిగా దులిపాడు. ఉతికిన చొక్కా అది. అందులోంచి ఏమీ రాలలేదు.