చంద్రకాంతమ్మ వేలు

మా పూతలపట్టు సంఘంలో చంద్రకాంతమ్మను మెచ్చుకోని వాళ్లు లేరు, నేను తప్ప. ఆదివారం అందరికంటే ముందొచ్చి చర్చి ఊడ్చి చాపలు పరుస్తుంది. మామిడి కాలంలో గుజ్జు ఫ్యాక్టరీలో కాయలు కోస్తుంది. అక్షరం రాదు గానీ, విన్న బైబిలు వాక్యమంతా గడగడా అప్పజెబుతుంది. ఆడవాళ్ల ప్రార్థన నడిపే నాకు అది చూస్తే ఒళ్లు మంట.

శుక్రవారం కూడికలో ప్రార్థన మనవులంటూ, ఎవరి కోడలు అలిగి పోయిందో, ఎవరి మొగుడు తాగొచ్చాడో అన్నీ నేనే విప్పేదాన్ని. ఒకరోజు ఆమె నన్ను పక్కకు పిలిచింది.

"ప్రార్థన పేరు సెప్పి మంది ఇండ్లల్లో సంగతులు బయటేయొద్దు రేవతీ. దేవుడు మెచ్చడు."

మెల్లగానే చెప్పింది, ఎవరూ వినలేదు. అయినా చాపలు పరిచే మనిషి నాకు బుద్ధి చెప్పడమా అని ఉడికిపోయాను.

జూన్‌లో కత్తి తగిలి ఆమె కుడిచేతి చూపుడు వేలికి లోతుగా తెగింది. షుగర్ మనిషి, పుండు మానలేదు. కట్టు మార్పించుకోవడానికి చిత్తూరు ఆసుపత్రికి తిరుగుతూ మూడు శుక్రవారాలు రాలేదు. నాలుగో వారం వచ్చేసరికి నాకు సందు దొరికింది. కళ్లు మూసుకుని, కూడికలు మానేసిన నీ కుమార్తెను నీవే శిక్షించావు ప్రభువా, దాచిన తప్పు ఒప్పుకునే దాకా విడవొద్దు అని గట్టిగా ప్రార్థించాను. ప్రార్థనకు ఎవరూ అడ్డం రారని తెలిసే అన్నాను. అందరూ ఆమెన్ అన్నారు. ఆమె కూడా అంది.

పాపం, నమ్మేసింది. దేవుడు కొట్టిన దెబ్బకు మందేస్తే ఆయనకు ఎదురు తిరిగినట్టని ఆసుపత్రి మానేసింది. లేని తప్పును ఉపవాసాలుండి వెతుక్కుంది. రొట్టె, ద్రాక్షరసం ఇచ్చే ప్రభువు బల్లకు రాకుండా వెనక గోడకు ఆనుకుని కూర్చుంది. అది చూసి లోలోపల మురిసిపోయాను కూడా. ఛీ, నాదీ ఒక బతుకేనా?

పాస్టరుగారు బలవంతాన తీసుకుపోయేసరికి వేలు నల్లబడింది. తీసేశారు.

ఆ కబురు విన్నాకే నాకు తెలిసొచ్చింది. దేవుడు దిద్దాలనుకున్నది నన్ను. నలుగురిలో పరువు తీయకుండా, ఆమె నోటితో మెల్లగా చెప్పించాడు. నేను ఆ నోటినే కొట్టాను.

ఆసుపత్రికి పోయి ఆమె మంచం పక్కన నిలబడి, దేవుడు నాకేమీ చెప్పలేదని, కసితో అన్నానని చెప్పాను. తిడుతుందనుకున్నాను. ఆమె మంచం మీద లేచి కూర్చుంది.

"అయితే ఆయనకు నా మింద కోపం లేదా?"

లేదక్కా అన్నాను. గుండెల మీద బరువు దింపినట్టు ఏడ్చింది. వేలి మాట ఎత్తనే లేదు.

మరుసటి నెల బల్ల ఆదివారం సంఘం ముందు నిలబడి జరిగిందంతా చెప్పాను. ప్రార్థన నడపడం మానేశాను. ఆ రోజు నేను వెనక గోడ దగ్గర కూర్చున్నాను. చంద్రకాంతమ్మ ముందుకు వెళ్లింది. కుడిచేతికి ఇంకా కట్టు ఉంది. రొట్టె కోసం ఎడమచెయ్యి చాపి, తలొంచుకుంది.

"ఎడమ సెయ్యి పడతాండా, ఏమనుకోవద్దయ్యగారూ" అంది.

క్షమించమని ఆమె అడుగుతోంది. నేను చెంగు మొహానికి అడ్డం పెట్టుకున్నాను.